120 ఏళ్ల గుండె లయ విద్యకు జేజేలు

1906లో జర్మనీలోని యేనా పట్టణంలో ఒక శాస్త్రగ్రంథం అచ్చయింది. రాసినవారు జపాన్ నుంచి చదువు కోసం వెళ్లిన యువ వైద్యుడు సునావ్ తవారా. క్షీరదాల గుండెలో లయను మోసుకుపోయే వ్యవస్థ ఏమిటో, అది ఎక్కడ మొదలై ఎక్కడిదాకా పాకుతుందో ఆ పుస్తకం లోకానికి మొదటిసారి పూర్తిగా చూపించింది. మన పంచాంగంలో అది పరాభవ నామ సంవత్సరం. అరవై ఏళ్ల చక్రం రెండుసార్లు తిరిగి, ఈ 2026లో మళ్లీ పరాభవే వచ్చింది. మనుషులకు పెద్దలు దీవెనగా ఇచ్చే 120 ఏళ్ల పూర్ణాయుర్దాయాన్ని ఒక విద్య చక్కగా నింపుకుంది. ఛాతీలో చిన్న యంత్రాన్ని మోస్తూ పొలాలకూ ఆఫీసులకూ గుళ్లకూ పెళ్లిళ్లకూ నిబ్బరంగా తిరుగుతున్న లక్షలాది మంది తరఫున, వాళ్లను ఒక రాత్రి ఆదరాబాదరా ఆసుపత్రికి తెచ్చి తెల్లవారేసరికి నవ్వుతూ చూసుకున్న కొడుకుల, కూతుళ్ల తరఫున, ఈ విద్యకు మనసారా అభినందనలు చెబుతున్నాం. కప్ప నుంచి గొర్రెదాకా, కుక్క నుంచి మేకదాకా తమ గుండెలను ఈ విద్యకు ఇచ్చిన మూగజీవాలకు అదే నోటితో నమస్కరిస్తున్నాం. ఈ సన్మానంలో సగం శాలువా వాటిదే.

తవారాకు ముందూ పెద్దలున్నారు. 1839లో యాన్ పర్కింజీ గొర్రె గుండె లోపలి గోడ మీద బూడిదరంగు జిగురు దారాల్లాంటి అల్లికను చూశాడు. అవి దేనికో తేలకుండానే దశాబ్దాలు గడిచాయి. 1852లో స్టానియస్ కప్ప గుండెకు ఒకచోట దారం బిగించి ముడివేస్తే పైభాగం కొట్టుకుంటూనే ఉంది, కిందిభాగం ఆగిపోయింది. 1880లలో కేంబ్రిడ్జిలో గాస్కెల్ తాబేలు గుండెను మెల్లగా బిగిస్తూ పోయి, పైనుంచి వచ్చే లయ కొంత కొంతగా అడ్డుపడి, చివరికి పూర్తిగా నిలిచిపోవడం కళ్లారా చూశాడు. ఇవాళ కార్డియాలజిస్టు నోట మనం వినే ‘హార్ట్ బ్లాక్’ను ప్రయోగశాలలో అలా మెట్టుమెట్టుగా చూపించింది ఆ తాబేలే. 1893లో విల్‌హెల్మ్ హిస్ కర్ణికలకూ జఠరికలకూ మధ్య కండర వంతెన ఒకటి ఉందన్నాడు. తలా ఒక ముక్క చేతికి దొరికింది గానీ ముక్కలు కలిసేది ఎక్కడో ఎవరికీ అంతుబట్టలేదు.

కలిపినవారు తవారా. 1903లో మార్‌బుర్గ్ చేరిన ఆయనకు గురువు లుడ్విగ్ ఆషాఫ్ అప్పజెప్పిన పని వేరు. జబ్బుపడి ఆగిపోయిన గుండెల కండరంలో కారణం వెతకమన్నారు. వెతుకుతూ వెతుకుతూ ఆయన హిస్ చెప్పిన వంతెన దగ్గర ఆగారు. దాన్ని పట్టుకుని ముందుకూ వెనక్కూ నడిచారు. మనిషి గుండెతోపాటు గొర్రె, దూడ, కుక్క, పిల్లి గుండెలను పలచని పొరలుగా కోసి, రంగులద్ది, ఒక్కో పొరనూ సూక్ష్మదర్శిని కింద పెట్టి, వరస తప్పకుండా చూసుకుంటూ పోయారు. పైకి వెళ్తే కర్ణిక అడుగున ఒక చిన్న ముడి కనిపించింది. అదే ఏవీ నోడ్. కిందికి దిగితే వంతెన కుడి ఎడమ కొమ్మలుగా చీలింది, ఆ కొమ్మలు రెమ్మలై, రెమ్మల చివర పర్కింజీ అరవై ఏడేళ్ల కిందట చూసిన దారాలే ఎదురయ్యాయి. గోదావరి డెల్టాలో పెద్ద కాలువ లాకుల దగ్గర కాసేపు నిలిచి, ఆపైన పిల్లకాలువలుగా చీలి, బోదెల గుండా ప్రతి మడికీ ఒకే అదునులో నీరందించినట్టు, గుండె లయకూ ఒక పారుదల వ్యవస్థ ఉందని ఆ పుస్తకం తేల్చింది. గొర్రెలాంటి గిట్టల జంతువుల్లో ఈ దారాలు లావుగా, చుట్టూ పొరతో విడివిడిగా కనబడతాయి. మనిషి గుండెలో కలిసిపోయి కనబడే దారిని గొర్రె గుండె ముందు చూపించింది. ఎన్నో శతాబ్దాలు మనకు ఉన్ని, పాలు ఇచ్చిన జీవి ఇంత పెద్ద రహస్యాన్నీ చేతిలో పెట్టింది.

1906 ఎంత ధన్యమైన సంవత్సరమో చూడండి. తవారా చూపిన దారిని సరిచూసుకుంటున్న ఆర్థర్ కీత్ ఆ వేసవిలో ఇంగ్లండులోని కెంట్ పల్లెసీమలో ఉన్నాడు. ఆయన దగ్గర మార్టిన్ ఫ్లాక్ అనే వైద్య విద్యార్థి జంతువుల గుండెలను కోసి పరిశీలిస్తున్నాడు. ఒక రోజు కీత్ దంపతులు సైకిళ్ల మీద షికారు ముగించుకుని వచ్చేసరికి, ఫ్లాక్ ఉత్సాహం పట్టలేక సూక్ష్మదర్శిని దగ్గరికి పిలిచాడు. నేలలో బొరియలు తవ్వుకుని బతికే మోల్ అనే చిన్న జంతువు గుండెలో, కుడి కర్ణికలోకి పెద్ద సిర కలిసే చోట, తవారా ముడిని పోలిన మరో ముడి! మరుసటేడు లోకం చదివిన సైనస్ నోడ్ కథ అక్కడ మొదలైంది. నిమిషానికి డెబ్బై ఎనభై సార్లు మన గుండెను కదిలించే మూలస్థానం అది. వెలుగు చూడని నేల అడుగున బతికే ప్రాణి ఒంట్లో అది దొరకడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఆ రోజుల్లోనే అమెరికాలో జోసెఫ్ ఎర్లాంగర్ కుక్క గుండెలో హిస్ వంతెనను చిన్న బిగింపుతో నొక్కుతూ వదులుతూ, రోగుల్లో కనబడే హార్ట్ బ్లాక్ అంతస్తులన్నింటినీ ఒకదాని వెంట ఒకటిగా తెప్పించి చూపాడు. జబ్బును పుట్టించి, పోగొట్టి, మళ్లీ పుట్టించి చదవవచ్చని తేలిన రోజులవి. జంతు నమూనా అనే పద్ధతికి లయ విద్యలో అంతటి గట్టి పునాది మరొకటి పడలేదని నా నమ్మకం.

ఆపై ఏళ్లు బారులు తీరి నడిచాయి. 1910లో లండన్‌లో థామస్ లూయిస్ బృందం కుక్క గుండెలో విద్యుత్తు మొదట మేల్కొనేది సైనస్ నోడ్ దగ్గరేనని నిరూపించింది. 1925లో కార్ల్ విగ్గర్స్ కుక్కల జఠరికను సహజమైన దారిని వదిలి పక్కనుంచి ప్రేరేపిస్తే గుండె కుంచించుకునే బలం తగ్గుతుందని చూపించాడు. ఆ మాటకు పూర్తి విలువ కట్టడానికి వైద్యలోకానికి ముప్పావు శతాబ్దం పట్టింది.

1949లో టొరంటోలో విల్‌ఫ్రెడ్ బిగెలో, జాన్ కాలగన్ ఒక పని మీద ఉన్నారు. ఒళ్లు చల్లబరిస్తే గుండె శస్త్రచికిత్సకు వ్యవధి దొరుకుతుందేమోనని కుక్కల మీద చూస్తున్నారు. చల్లబడిన ఒక కుక్క గుండె ఉన్నట్టుండి ఆగింది. ఏం చేయాలో తోచక బిగెలో చేతిలోని సన్నని సాధనంతో గుండెను పొడిచాడు. గుండె ఒకసారి కొట్టుకుంది. మళ్లీ పొడిచాడు, మళ్లీ కొట్టుకుంది. చేతి పోటు చేసే పని విద్యుత్తు చేయలేదా అన్న ఆలోచనకు యంత్రరూపం ఇచ్చినవాడు కెనడా జాతీయ పరిశోధన మండలి ఇంజనీరు జాన్ హాప్స్. ఆయన తాను తొలినాళ్లలో తీర్చిదిద్దిన ఆ యంత్రజాతికే తన గుండెను కూడా అప్పగించి, 1984లో పేస్‌మేకర్ అమర్చుకుని 1998 వరకు జీవించాడు. చేసిన మేలు చేసినవారికే తిరిగి దక్కడం చూస్తే ఎవరికైనా కళ్లు చెమర్చవూ!

ఇక మిన్నెసోటా. 1950ల మధ్యలో వాల్టన్ లిల్లీహై పసిపిల్లల గుండెలోని రంధ్రాలను మూస్తూ చరిత్ర సృష్టిస్తున్నాడు. కానీ కుట్టు ఒక్కోసారి హిస్ చెప్పిన ఆ వంతెన మీదే పడేది. రంధ్రం మూసుకునేది, లయ తెగిపోయేది, బిడ్డ దక్కేది కాదు. విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో విన్సెంట్ గాట్, ఆయన తోటివారు కుక్కల్లో ముందు ఆ బ్లాకును తెప్పించి, గుండె కండరంలో సన్నని తీగ గుచ్చి కొద్దిపాటి విద్యుత్తుతో లయను నిలబెట్టవచ్చని తేల్చారు. 1957 జనవరిలో ఆ పద్ధతి ఒక చిన్నపిల్ల ప్రాణం కాపాడింది. అయితే ఆ యంత్రం గోడలోని కరెంటు మీద నడిచేది. ఆ అక్టోబరు 31న మిన్నెసోటా జంట నగరాల్లో కరెంటు పోయింది. లిల్లీహై ఒక మరమ్మతుల దుకాణం నడుపుతున్న ఎర్ల్ బకెన్‌ను పిలిచి బ్యాటరీతో నడిచేది కావాలన్నాడు. బకెన్ గరాజులో కూర్చుని నాలుగు వారాల్లో అరచేతిలో ఇమిడే పెట్టె తయారుచేశాడు. ముందు జంతు ప్రయోగశాలలో ఒక కుక్కకు పెట్టి చూశారు. పని చేసింది. మరునాడు బకెన్ ఆసుపత్రికి వెళ్లేసరికి అది అప్పటికే ఒక బిడ్డ గుండెను నడుపుతోంది. ప్రయోగశాలకూ రోగి మంచానికీ మధ్య ఒక్క రాత్రి దూరం!

యంత్రాన్ని ఒంట్లోనే అమర్చే ఘట్టం 1958ది. మే 7న న్యూయార్క్ రాష్ట్రం బఫెలో నగరంలో విల్సన్ గ్రేట్‌బాచ్ చేసిన ట్రాన్సిస్టర్ యంత్రాన్ని విలియం చార్డాక్, ఆండ్రూ గేజ్ ఒక కుక్క గుండెకు తగిలించారు. గుండె యంత్రం మాట విన్నది. తొలి యంత్రం కొన్ని గంటలే పనిచేసింది, ఒంటిలోని తేమ లోపలికి చొరబడింది. ఆ తేమ మీద యుద్ధమే తర్వాతి రెండేళ్ల కథ. గ్రేట్‌బాచ్ ఉద్యోగం మానేసి, ఇంటి వెనుక కొట్టంలో చేత్తో 50 పేస్‌మేకర్లు చేశాడు. వాటిలో 40 జంతువులకు వెళ్లాయి, 10 మాత్రమే మనుషులకు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడమని చదువరులను కోరుతున్నాను. 1960లో మొదటి పది మంది అందుకున్న భరోసా వెనుక నలభై మూగ గుండెలున్నాయి. అవతల స్టాక్‌హోమ్‌లో 1958 అక్టోబరు 8న ఆకె సెన్నింగ్, రూనె ఎల్మ్‌క్విస్ట్ కలిసి ఆర్నె లార్సన్‌కు ప్రపంచంలో తొలిసారి పూర్తిగా ఒంట్లో ఇమిడే పేస్‌మేకర్ అమర్చారు. రోజుకు పలుమార్లు స్పృహ తప్పి పడిపోయే లార్సన్ ఆ తర్వాత యంత్రం మీద యంత్రం మార్చుకుంటూ 2001 వరకు బతికి, తనను బతికించిన సర్జన్‌నూ ఇంజనీరునూ మించి ఆయుష్షు పొందాడు.

ఏ ప్రశ్నకు ఏ గుండెను అడగాలో తెలుసుకోవడం ఈ విద్యలోని అసలు నేర్పు. చుంచెలుక గుండె నిమిషానికి ఐదారు వందల సార్లు కొట్టుకుంటుంది, జన్యువుల ప్రశ్నలకు అది దిట్ట. జీబ్రా చేప పిల్ల ఒళ్లంతా పారదర్శకం, కొట్టుకుంటున్న గుండెను కోయకుండానే చూడవచ్చు. పరిమాణంలో పంది గుండె మన గుండెకు దగ్గర, కానీ దాని పర్కింజీ దారాలు గోడ మందమంతా చొచ్చుకుపోతాయి, మనలో అలా కాదు. ఈ తేడా తెలియకుండా పంది జవాబును మనిషికి అంటగట్టకూడదు. తెలిసినవారు కుక్కను అడగాల్సింది కుక్కనే అడుగుతారు, మేకను అడగాల్సింది మేకనే.

మేకల మాట వచ్చింది కనుక నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ గురించి కాస్త నిలిచి చెప్పుకోవాలి. 1995లో మౌరిట్స్ అలెసీ బృందం మేకల కర్ణికలను యంత్రంతో పదేపదే అదరగొట్టి, లయ తప్పిన ప్రకంపన తెప్పించింది. మొదట్లో అది కొన్ని సెకన్లలో దానంతటదే సర్దుకునేది. యంత్రం మళ్లీ మళ్లీ తెప్పిస్తున్న కొద్దీ దాని నిడివి నిమిషాలైంది, గంటలైంది, చివరికి చాలా మేకల్లో ఆగకుండా సాగింది. లయ తప్పడమే గుండెను మార్చి, మళ్లీ లయ తప్పేలా చేస్తుందని ఆ మేకలు చెప్పాయి. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే ఈ ప్రకంపన ఉన్నవారికి వైద్యం ఆలస్యం చేయొద్దని ఇవాళ డాక్టర్లు ఒత్తి చెప్పడం వెనుక ఆ జవాబు బలంగా ఉంది. అంతకుముందే, 1962 నుంచి, కుక్కల గుండెను వారాల తరబడి వేగంగా పరుగెత్తిస్తే అది సాగి నీరసిస్తుందని, పరుగు ఆపితే చాలావరకు కోలుకుంటుందని విప్పుల్ మొదలుపెట్టిన నమూనా చూపింది. అదుపు లేని వేగం వల్లనే గుండె బలహీనపడిన రోగిని గుర్తుపట్టి, వేగం తగ్గించి తిరిగి నిలబెట్టగలగడం ఆ పాఠం ఫలమే.

ఇంకో పాయ కణాల్లోకి దిగింది. 1950ల చివర లండన్‌లో పరిశోధక విద్యార్థి డెనిస్ నోబుల్ కబేళా నుంచి గొర్రె గుండెలు తెచ్చుకుని పర్కింజీ దారాల విద్యుత్తును కొలిచి, రాత్రివేళ కంప్యూటర్ ముందు కూర్చుని ఆ కొలతలను సమీకరణాలుగా మార్చాడు. 1960లో వెలువడిన ఆ లెక్క గుండె కణానికి తొలి గణిత నమూనా. 1979లో డారియో డిఫ్రాన్సెస్కో హిల్లరీ బ్రౌన్, నోబుల్‌లతో కలిసి కుందేలు సైనస్ నోడ్‌లో లయను మొలిపించే విచిత్ర విద్యుత్ ప్రవాహాన్ని పట్టుకున్నాడు. దాన్నే అదుపు చేసే ఐవాబ్రడిన్ బిళ్ల మన ఊళ్ల మందుల షాపుల్లోనూ దొరుకుతోంది.

ఇప్పుడు నాకు అన్నింటికన్నా ఇష్టమైన మలుపు. యాభై ఏళ్లు పేస్‌మేకర్ తీగను కుడి జఠరిక అడుగున పెట్టడమే ఆనవాయితీ. ప్రాణం నిలిచేది, కానీ విగ్గర్స్ కుక్కలు 1925లోనే చెప్పినట్టు, పక్కదారిన వచ్చిన ప్రేరణతో కొందరి గుండె ఏళ్లు గడిచేకొద్దీ నీరసించేది. మాస్ట్రిక్ట్‌లోనే ఫ్రిట్స్ ప్రిన్జెన్ బృందం కుక్కల్లో ఎడమ కొమ్మను తెంచి, ఎక్కడ ప్రేరేపిస్తే గుండె రెండువైపులా మళ్లీ ఒక్కసారిగా కదులుతుందో ఓపికగా వెతికి, నడిగోడ ఎడమవైపున ప్రేరేపిస్తే గుండె పనితీరు సహజానికి దగ్గరగా నిలుస్తుందని చూపింది. అంతకన్నా ముందే బెంజమిన్ షెర్లాగ్ కుక్కల్లో హిస్ వంతెన విద్యుత్తును నమోదుచేసి, 1969లో మనిషిలోనూ తీగతోనే నమోదు చేసే పద్ధతి నేర్పాడు. 2000లో ప్రమోద్ దేశ్‌ముఖ్ రోగుల్లో హిస్ వంతెననే శాశ్వతంగా ప్రేరేపించాడు. 2017లో చైనాలో హువాంగ్ వెయిజియాన్ ఎడమ కొమ్మకే తీగ చేర్చాడు. ఇవాళ హైదరాబాద్‌లోనైనా విజయవాడలోనైనా విశాఖలోనైనా కాథ్‌ల్యాబ్‌లో డాక్టరు తెర మీద కళ్లు నిలిపి వెతికేది తవారా గొర్రెలోనూ దూడలోనూ గీసి చూపిన ఆ కొమ్మనే. పుస్తకం అచ్చయిన 120 ఏళ్లకు దాని పటం ఇంతగా చేతిపనికి ఉపయోగపడడం కన్నా గొప్ప వార్షికోత్సవ కానుక ఏముంటుంది!

ఈ పండుగలో జంతువుల బాధను పక్కన పెట్టి మాట్లాడితే మన అభినందనకు నిండుదనం రాదు. వాటిని ఎవరూ అడగలేదు, అవి ఒప్పుకోనూ లేదు. అందుకే 1959లో రసెల్, బర్చ్ నిలిపిన నియమం ఈ రంగానికి ధర్మసూత్రమైంది: జంతువు లేకుండా కుదిరితే జంతువును వాడవద్దు, వాడక తప్పకపోతే వీలైనన్ని తక్కువ వాడు, వాడినదానికి నొప్పి లేకుండా చూడు. మన దేశంలో 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద ఏర్పడిన కమిటీ పర్యవేక్షణలోనే ఇలాంటి ప్రయోగాలు జరగాలి. హైదరాబాద్ శివారు జీనోమ్ వ్యాలీలో ఐసీఎంఆర్ వారి జాతీయ జంతు వనరుల కేంద్రం 2022 డిసెంబరులో తలుపులు తెరిచింది. ప్రశ్నల నాణ్యతతోపాటు కారుణ్యంలోనూ అది దేశానికి ముందు నడవాలని తెలుగువారిగా మన ఆకాంక్ష. ఇచ్చిన అప్పు కొంతైనా తిరిగి తీరుతోందన్నది మనసుకు ఊరట: 1967లోనే పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పశువైద్యులు హార్ట్ బ్లాక్ వచ్చిన ఒక పెంపుడు కుక్కకు పేస్‌మేకర్ అమర్చారు. అప్పటినుంచి ఎన్నో కుక్కలు, తమ జాతి కనిపెట్టి ఇచ్చిన వైద్యంతోనే, యజమాని వెంట మళ్లీ పరుగులు తీస్తున్నాయి.

కొత్త చిగుళ్లు ఎన్నో! 1970లో స్పిక్లర్ కుక్కల గుండెలో అమర్చి చూపిన తీగలేని పేస్‌మేకర్ నలభై ఏళ్లు ఓర్పుతో ఎదురుచూసి, 2012 నుంచి మనుషుల గుండెల్లో కుదురుకుంది. 2014లో లాస్ ఏంజెలిస్‌లో ఎడ్వర్డో మర్బాన్ బృందం పంది గుండె కండర కణాలకు ఒక్క జన్యువును అందించి, వాటిచేతే లయను పుట్టించింది. 2025లో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం బియ్యపుగింజ కన్నా చిన్నదైన, పని ముగిశాక ఒంట్లోనే కరిగిపోయే పేస్‌మేకర్‌ను చుంచెలుక నుంచి కుక్కదాకా పరీక్షించి చూపింది. గుండె ఆపరేషన్ అయిన పసికందుకు కొన్ని రోజుల ఆసరా చాలు. ఆ రోజులు గడిచాక తీగ లాగే భయం తల్లిదండ్రులకు ఇక ఉండకూడదు. అది మన జిల్లా కేంద్రాల ఆసుపత్రుల మెట్లు ఎక్కే రోజు త్వరలోనే వస్తుందని కోరుకుంటున్నాం, వస్తుందనే నమ్ముతున్నాం.

ప్రయోగశాలల్లో రాత్రింబవళ్లు ఈసీజీ గీతల ముందు కాపలా కాసే పరిశోధకులారా, జంతువుల ఆలనాపాలనా చూసే పశువైద్యులారా, సహాయకులారా, చేతిలో తీగ పట్టుకుని నడిగోడలో సరైన చోటు వెతికే వైద్యులారా! మీ కళ్లు చల్లగా ఉండాలి, మీ చేతులు చలువవి కావాలి, మీ ప్రశ్నలు పదునెక్కాలి, మీ పంజరాలు ఏటేటా తగ్గాలి. నోబుల్ వేసిన లెక్కల బాట, మూలకణాల నుంచి పెంచుతున్న గుండె కండరం బాట మీకు రాజమార్గాలు కావాలి. వచ్చే 2027లో కీత్, ఫ్లాక్‌ల మోల్ గుండె వ్యాసానికి 120 ఏళ్లు నిండుతాయి. 2039లో పర్కింజీ గొర్రె గుండెకు రెండు వందల ఏళ్లు. ఆ రెండు పండుగలకూ ఇలాగే కలుసుకుని, అప్పటికి మీరు పూర్తి చేసి పెట్టిన కొత్త పనులను పేరుపేరునా లెక్కపెట్టి, మరో రెండు శాలువాలు కప్పుతామని మాట ఇస్తున్నాం. దీర్ఘాయురస్తు, విజయోస్తు, శుభమస్తు!